సోనిక్ యూత్ ధ్వని అంతగా ఎందుకు మారింది?

అమెరికన్ రాక్ బృందం సోనిక్ యూత్ తొలి రికార్డులూ తరువాతివీ ఒకే బృందానివంటే నమ్మలేకపోతున్నానని, విశాఖలో గిటార్ నేర్చుకుంటున్న మీరు అడిగారు. ఆ మార్పులో చాలా భాగం శ్రుతిలోనే, అంటే గిటార్ తీగలను ఏ స్వరాలకు బిగిస్తారన్న దానిలోనే, ఉంది. 1981లో న్యూయార్క్‌లో మొదలైనప్పుడు వారి దగ్గర ఉన్నవి చవక గిటార్లు. మామూలు ఈ-ఏ-డీ-జీ-బీ-ఈ శ్రుతిలో అవి సరిగా పలకకపోవడంతో బృందంలోని గిటారిస్టులు థర్‌స్టన్ మూర్, లీ రనాల్డో ఒక్కో గిటార్‌కు ఒక్కో శ్రుతి కట్టి, తీగల కింద డ్రమ్ పుల్లలు, స్క్రూడ్రైవర్లు దూర్చి వాయించారు. 1985లో స్టీవ్ షెల్లీ డ్రమ్స్‌కు వచ్చాక ఆ రొదకు నిలకడైన నడక దొరికింది; 1988 నాటి ‘డేడ్రీమ్ నేషన్’ ఆల్బమ్‌లో పాటా రొదా ఒకదాన్నొకటి మింగేయకుండా సాగడానికి, నా దృష్టిలో, ఆయనే ప్రధాన కారణం. 1990లో పెద్ద రికార్డు కంపెనీకి మారినా పదును పోలేదు. అసలు దెబ్బ 1999లో తగిలింది: వాద్యాలున్న ట్రక్కు దొంగలపాలై, ఏళ్ల తరబడి పాటపాటకూ సిద్ధం చేసుకున్న గిటార్లు పోవడంతో, వేరే వాద్యాలతో కొత్త దారి వెతుక్కోవలసి వచ్చింది. 2011లో బృందం ఆగిపోయింది.

మీరూ ఈ శ్రుతులు ప్రయత్నించేటట్లయితే ముందు తీగలు మార్చండి. మన ఉప్పుగాలికి తుప్పు పట్టిన తీగను పైశ్రుతికి బిగిస్తే తెగే ప్రమాదం ఎక్కువ.