బిందె నిండుగా కనపడాలి

వెస్ట్ మాంబళం, చెన్నై

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. పొంగల్ రద్దీలో సెంట్రల్ స్టేషను భలే పట్టావు. చిక్కల్లా మనుషుల దగ్గరే. కొడుకు పండక్కి రానన్నాడు, తండ్రికి కోపమొచ్చి గ్లాసు విసిరాడు. కోడలు మాటంది, అత్త ఏడ్చింది. ఇక్కడ స్విచ్చి నొక్కితే అక్కడ లైటు వెలిగినట్టుంది.

నేనూ చాలా ఏళ్లు అలాగే రాశాను. నన్ను దారిలో పెట్టినాయన కథకుడు కూడా కాదు, విలియం పవర్స్ అని అమెరికా ఆయన. 1973లో ఆయన రాసిన పుస్తకంలో అసలు సంగతి ఇది: ప్రాణి తనకి ఏది ఎలా కనపడాలో, వినపడాలో, ఒంటికి తగలాలో, దాన్ని అలాగే ఉంచుకోవడానికి పనులు చేస్తుంది. పనులు పూటకో రకంగా మారతాయి. ఆ అనుభవం మాత్రం చెదరకూడదు.

పావురం నడుస్తూ తల ఊపుతుంది కదా, అదంతా ఠీవి అనుకునేవాణ్ణి. 1978లో ఫ్రాస్ట్ అనే శాస్త్రవేత్త పావురాల్ని ట్రెడ్‌మిల్ ఎక్కించాడు. కాళ్లు నడుస్తూనే ఉన్నాయి, చుట్టూ ఉన్నది మాత్రం కదలడం లేదు. తల ఊపడం ఆగిపోయింది! లోకం కంటికి నిలకడగా కనపడాలని దాని పాట్లు. మామూలుగా ఒళ్లు ముందుకు సాగుతుంటే తలని కాసేపు ఒకేచోట నిలిపి, ఆనక ముందుకు విసురుతుంది.

పవర్స్ చూపించిన ఆట ఒకటుంది, ఇంట్లో ఆడి చూడు. టిఫిన్ పార్సిల్‌కి వచ్చే రబ్బరు బ్యాండ్లు రెండు తీసుకుని ముడేయి. కాగితం మీద పెన్నుతో చుక్క పెట్టు. ముడి ఆ చుక్క మీదే ఉండేలా చూడమని మనవరాలికి ఒక కొస ఇచ్చి, రెండో కొస నేను పట్టుకున్నాను. నేను ఇటు లాగితే తను అటు లాగుతుంది, నేను వదులు చేస్తే తనూ వదులు చేస్తుంది. వంటింట్లోంచి వచ్చిన మా ఆవిడ చూసి, "ఏంటి, తాతని వెక్కిరిస్తోందా?" అంది. పిల్ల నా చెయ్యి వైపు చూడనేలేదు, దాని కళ్లు చుక్క మీదే ఉన్నాయి.

చుక్క కనపడనివాళ్లకి చెయ్యి వెక్కిరింతలా ఉంటుంది. నీ కథలో చేతులన్నీ రాశావు, చుక్క పెట్టలేదు.

2019 వేసవిలో చెన్నైకి నీళ్లిచ్చే చెరువులు ఎండిపోయాయి. మా అమ్మ అప్పటికి ఎనభై దాటిన మనిషి. నెల్లూరు నుంచి తెచ్చుకున్న ఇత్తడి బిందె ఒకటి వంటింటి గుమ్మం పక్కన ఎప్పుడూ నిండుగా ఉండేది. కుళాయి వచ్చిన రోజుల్లో దాన్ని ఎవరం పట్టించుకోలేదు. ఆ వేసవిలో అమ్మ తెల్లవారుజామున మూడింటికి లేచి నీళ్ల లారీ చప్పుడు కోసం చెవి ఒగ్గేది. రంగు ప్లాస్టిక్ బిందెలు వరుసలో పెట్టించేది. పై వాటా వాళ్లతో పదేళ్ల నాటి పోట్లాట మర్చిపోయి, వాళ్ల అబ్బాయికి మినపసున్ని పంపింది. బియ్యం కడిగిన నీళ్లు తులసికి పోసేది. ఒకరోజు నేను ఆ బిందెలోంచి రెండు చెంబులు ముంచుకుని స్నానం చేస్తే, మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడలేదు.

ఇవన్నీ విడివిడిగా రాస్తే ముసలావిడ చాదస్తం. వీటి వెనకున్న కోరిక ఒక్కటే: బిందె అంచు దాకా నీళ్లు కనపడాలి. దాన్ని నేనెలా కనిపెట్టాను? రెండు చెంబులు తీసి. పవర్స్ చెప్పిన పరీక్ష కూడా ఇంచుమించు అదే. ఇది కాపాడుకుంటున్నారేమో అనుకున్నదాన్ని కొంచెం కదిపి, వాళ్లు దాన్ని సర్దుతారా లేదా చూడటం. కథకుడికి ఇంతకంటే మంచి పనిముట్టు నేనైతే చూడలేదు. (వర్క్‌షాపుల్లో "పాత్రకి లక్ష్యం ఉండాలి" అంటారే, అది వేరు. లక్ష్యం ఎక్కడో దూరాన ఉంటుంది. బిందె గుమ్మం పక్కనే ఉంది.)

ఇక అత్తాకోడళ్లు. ఒకే ముడికి రెండు చుక్కలు పెట్టి చూడు. ఇద్దరూ బలంగా లాగుతారు, రబ్బరు సాగుతుంది, ముడి నడిమధ్యలో ఇరుక్కుపోతుంది. ఇద్దరిలో ఒక్కరూ చెడ్డవాళ్లు కానక్కర్లేదు. కోడలి నోట ఆ దెప్పుడు మాట తీసేసినా కథ నిలబడుతుంది.

ఐదో పేజీలో గ్లాసు విసిరిన చోట పెన్సిల్‌తో గీత గీశాను. తిరగరాసేముందు ఒక్క సంగతి నాకు ఉత్తరం రాయి: కొడుకు ఊళ్లో లేని మామూలు రోజున, రాత్రి తొమ్మిదింటికి ఆ తండ్రి ఇంట్లో ఏది ఎక్కడుందో చూసుకుని పడుకుంటాడు?

నీ
అన్నయ్య