బొడ్డుకి ఏమీ రాయకండి, ముందు చేతులు కడగండి

ప్రశ్న: మా అమ్మాయికి వచ్చే నెల కాన్పు. మొదటి బాబుకి బొడ్డు చీము పట్టి వారం రోజులు ఆస్పత్రిలో ఉంచాల్సొచ్చింది. ఈసారి పసుపు, ఆముదం మానేసి యాంటీసెప్టిక్ రాసి, డెట్టాల్ నీళ్లతో స్నానం చేయిస్తే సరిపోతుందా డాక్టర్ గారూ? – ఓ పాఠకురాలు, తణుకు

జవాబు: పసుపు, ఆముదం మానేద్దామనుకున్నారు చూడండి, సగం పని అక్కడే అయిపోయిందమ్మా. మిగతా సగం, వాటి బదులు ఇంకోటి రాయకపోవడం. డెట్టాల్ నీళ్లు వద్దే వద్దు, పసిచర్మం మండి పొక్కుతుంది. అయోడిన్ మందు కూడా అంతే, చర్మంలోంచి ఒంట్లోకి దిగి థైరాయిడ్‌ని దెబ్బతీయొచ్చు. అసలు మొదటి 24 గంటలు స్నానమే వద్దు.

కోసిన బొడ్డు ఎండేదాకా సూక్ష్మక్రిములు లోపలికి పోయే దారిలాంటిది. గాలి తగలనిస్తే నల్లబడి, ముడుచుకుని, సాధారణంగా ఒకటి రెండు వారాల్లో దానంతటదే ఊడిపోతుంది. డైపర్‌ని బొడ్డు కిందికి మడిచి పెట్టండి, ఉచ్చ తగలకుండా. ఊడేటప్పుడు కాస్త జిగురు కనిపిస్తే కంగారొద్దు.

క్లోర్‌హెక్సిడిన్ అనే యాంటీసెప్టిక్ మందు గురించి విని ఉంటారు. నేపాల్‌లో బొడ్డుకి ఆవనూనె, పసుపు రాసే అలవాటు ఎక్కువ, అక్కడి పల్లెల్లో ఈ మందు రాసిన పిల్లల్లో మరణాలు తగ్గాయని 2006లో తేలింది, తర్వాత 'నవి మలం' పేరుతో ఊరూరా ఇచ్చారు. అదే ఆఫ్రికాలో జాంబియా, టాంజానియాల్లో చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో, బొడ్డుకి హాని చేసేవి రాసే అలవాటున్న చోట్ల మాత్రమే మొదటి వారం వాడమంది, మిగతా చోట్ల శుభ్రంగా, పొడిగా ఉంచితే చాలంది. కొన్ని దేశాల్లో ఈ మందునే కంటిచుక్కలనుకుని పసివాళ్ల కళ్లలో వేసి చూపు పోగొట్టిన ఘటనలూ ఉన్నాయి.

మందు పడాల్సింది మన చేతుల మీద. చూడ్డానికొచ్చిన చుట్టాలు బస్సు దిగిన చేతులతోనే బుగ్గ గిల్లుతారు, మొహమాటపడకుండా సబ్బు చూపించండి. అమ్మాయికి ఉమ్మనీరు పోయి 18 గంటలు దాటినా, జ్వరమొచ్చినా డాక్టర్‌కి చెప్పండి, బిడ్డకి ఇన్ఫెక్షన్ అక్కడినుంచే మొదలవ్వొచ్చు. మొదటి బాబు సంగతీ ఇప్పుడే చెప్పి ఉంచండి.

ఇంటికొచ్చాక 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా వస్తుంది, బొడ్డు చూపించండి. బొడ్డు చుట్టూ ఎర్రబడి వాచినా, చీము కారినా, బిడ్డ పాలు తాగడం మానేసినా, ఒళ్లు చల్లబడినా, కాలినా, నిమిషానికి 60 సార్లకు మించి ఊపిరి తీస్తున్నా తెల్లారేదాకా ఆగొద్దు, అర్ధరాత్రైనా 108కి ఫోన్ చేయండి.