తెలుగు ప్రోగ్రామ్‌ను పరీక్షించడానికి ఇంగ్లిషు బొమ్మ ప్రపంచం సరిపోతుందా?

తెలుగు వాక్యాలను అర్థం చేసుకునే ప్రోగ్రామ్ రాస్తున్నానని, పరీక్షకు ఇంగ్లిషులో ఉన్న బొమ్మ ప్రపంచాన్ని, అంటే కొన్ని వస్తువులు, గదులు మాత్రమే ఉండే కల్పిత ప్రపంచాన్ని, అనువదించుకుంటే సరిపోతుందా అని అడిగారు. చాలదు. బెంగళూరులో ఒక చిన్న బృందంతో ఇదే పని చేశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

బొమ్మ ప్రపంచంతో పరీక్షించడంలో ఉన్న బలం ఒక్కటే: ప్రోగ్రామ్‌కు అర్థమైందో లేదో దాని మాటలను బట్టి కాక, వస్తువులు చివరికి ఎక్కడ చేరాయన్నదాన్ని బట్టి తేల్చవచ్చు. 1968-70 మధ్య అమెరికాలోని ఎంఐటీలో టెర్రీ వినోగ్రాడ్ రాసిన ష్రుడ్‌లూ అనే ప్రోగ్రామ్ ప్రపంచంలో ఉన్నవి దిమ్మెలు, పిరమిడ్లు, ఒక పెట్టె, అంతే. పిరమిడ్‌ను పట్టుకోమంటే ఆ ప్రోగ్రామ్ ఏ పిరమిడ్డో తెలియడం లేదనేది. దాని ఘనతంతా ఆ జవాబులోనే ఉందని నా అభిప్రాయం. 2015లో ఫేస్‌బుక్ పరిశోధకులు విడుదల చేసిన బాబి అనే పరీక్షలో 20 రకాల ప్రశ్నలున్నాయి: ఎవరు ఏ గదికి వెళ్ళారు, వస్తువు ఎవరి చేతిలో ఉంది, ఇలాంటివి. 2017 నాటికే అన్నింటినీ గట్టెక్కిన ప్రోగ్రామ్ వచ్చేసింది. కొద్దిపాటి మూసల్లో పోసిన వాక్యాలకు ఆయుష్షు తక్కువ.

తెలుగులో అసలు చిక్కు కర్త లేని వాక్యాలతో వస్తుంది. 'రాజు కమలకు పుస్తకం ఇచ్చాడు. తర్వాత వంటింట్లోకి వెళ్ళింది. పుస్తకం ఎక్కడ ఉంది?' వెళ్ళింది కమలే అని క్రియే చెప్పేస్తుంది. కమల బదులు సురేశ్‌ను పెట్టి 'వెళ్ళాడు' అనండి, ఎవరో తేలదు. 'కమల పిల్లికి పాలు పోసింది. తర్వాత వరండాలోకి వెళ్ళింది' అన్నా అంతే, ఎందుకంటే ఆడవాళ్ళకూ పిల్లికీ ఏకవచనంలో క్రియ ఒకటే. అనువదించిన పరీక్షలో ఇలాంటివి దొరకవు, అక్కడ ప్రతి వాక్యానికీ కర్త ముందే అతికించి ఉంటుంది. ఈ మూడు రకాలనూ కలిపి పెట్టండి. తేలని చోట ఎదురు ప్రశ్న వేసిన ప్రోగ్రామ్‌కే మార్కులివ్వండి.

వాక్యాలన్నీ మీరే రాయకండి. మారతహళ్ళిలో నేనున్న పీజీ హాస్టల్లో కడప నుంచి విజయనగరం దాకా అన్ని జిల్లాలవాళ్ళూ ఉండేవారు. పనిని మాటల్లో చెబితే అవే మాటలు తిరిగి రాస్తారని, ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉండాలి అని రెండు బొమ్మలు మాత్రం చూపించి, ఎలా చెబుతారో టైపు చేయమన్నాను. వస్తువు పేరు పలికినవాళ్ళే తక్కువ, 'ఆ ఎర్రది ఇటు పెట్టు' అనేవాళ్ళే ఎక్కువ. సగానికి పైగా ఇంగ్లిషు అక్షరాల్లోనే కొట్టారు. అవి పారేయకండి, రేపు మీ ప్రోగ్రామ్‌కు వచ్చేవీ అవే.

వాక్యాలను కంప్యూటర్‌తో పుట్టించేటప్పుడు పేరు చివర 'లో' తగిలిస్తే 'గిన్నెలో' బాగానే వస్తుంది కానీ, 'వంటిల్లులో', 'పెరడులో' కూడా వచ్చిపడతాయి. ప్రతి వస్తువుకూ, గదికీ పట్టికలో పేరు పక్కనే 'లో' ముందు రావాల్సిన 'వంటింటి', 'పెరటి' లాంటి రూపాన్ని కూడా మొదటిరోజే రాసి పెట్టుకోండి.