ఆర్చీ బంకర్‌ని చూసి ఎవరు నవ్వారు?

ప్రశ్న: సార్, నేను యూట్యూబ్‌కి కామెడీ స్కిట్లు రాస్తుంటాను. మా తాతయ్యలాంటి పెద్దాయన పాత్ర ఒకటి అనుకున్నాను. కులం పట్టింపు, ఆడవాళ్ల మీద నోరు పారేసుకోవడం అన్నీ ఉంటాయి. జనం ఆయన్ని చూసి నవ్వకుండా, ఆయన చెప్పిందే రైటంటారేమోనని టెన్షన్. అమెరికాలో నార్మన్ లియర్ అనే టీవీ రచయిత, నిర్మాత ఇలాంటి పాత్రతోనే పేరు తెచ్చుకున్నారట, ఎలా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ భయం నిజమేనమ్మా, లియర్‌కీ అదే ఎదురైంది. ఆయన ‘ఆల్ ఇన్ ద ఫ్యామిలీ’ అనే టీవీ కామెడీ సీరియల్‌లో ఆర్చీ బంకర్ అనే మామగారు నల్లవాళ్లనీ యూదులనీ ఆడవాళ్లనీ నోటికొచ్చినట్టు అంటుంటాడు, ఇంట్లోనే ఉండే అల్లుడు ప్రతిమాటకీ ఎదురు తిరుగుతాడు. బ్రిటన్‌లో వచ్చిన ఒక సీరియల్ గురించి చదివి, అరె ఇది మా నాన్నా నేనే కదా అనుకుని మొదలుపెట్టారు. ఆ నాన్న దొంగ బాండ్ల కేసులో జైలుకెళ్లేనాటికి లియర్‌కి తొమ్మిదేళ్లు. అమ్మని ‘నోర్ముయ్’ అని కసిరే ఆ నాన్న మాటే తర్వాత ఆర్చీ నోట వినిపించింది.

ఏబీసీ అనే టీవీ ఛానల్ రెండు పైలట్లు, అంటే మచ్చుకి తీసే ఎపిసోడ్లు, తీయించి రెండూ వద్దంది. చివరికి 1971 జనవరిలో సీబీఎస్ అనే ఇంకో ఛానల్ వేసింది, అదీ మొదటి ఎపిసోడ్‌కి ముందు ఒక హెచ్చరిక పెట్టి. తర్వాత వరసగా ఐదు సీజన్లు అమెరికాలో అదే నంబర్ వన్.

అయితే 1974లో విద్మార్, రోకీచ్ అనే ఇద్దరు పరిశోధకులు చూస్తే, జాతి పట్టింపు ఎక్కువున్న ప్రేక్షకులు ఆర్చీనే మెచ్చుకుంటున్నారని తేలింది. మీరు భయపడుతున్నది సరిగ్గా ఇదే. కామెడీ చూసినంత మాత్రాన అందరూ మారిపోతారని నేను చెప్పలేను. లియర్ నిర్మించిన ‘గుడ్ టైమ్స్’ అనే ఇంకో సీరియల్‌లో, అది ఒక నల్లవాళ్ల కుటుంబం కథ, అందులో అయితే, పెద్దకొడుకుని మరీ వెకిలిగా చూపిస్తున్నారని తల్లిదండ్రులుగా వేసిన ఎస్తర్ రోల్, జాన్ ఏమోస్‌లే గట్టిగా అభ్యంతరం చెప్పారు. నా ఉద్దేశంలో వాళ్లది న్యాయమైన కోపం.

మరి ఆర్చీలో నేర్చుకోవలసింది ఏమిటంటే, 1978లో ఒక ఎపిసోడ్ ఉంది, మామా అల్లుళ్లు రాత్రి బార్ స్టోర్‌రూమ్‌లో ఇరుక్కుపోతారు. తాగిన మైకంలో ఆర్చీ, చిన్నప్పుడు ఒక కాలికి షూ, ఇంకో కాలికి వేరే రకం బూటు వేసుకుని బడికెళ్తే పిల్లలు ఏడిపించారని, నాన్న కొట్టి గదిలో పెట్టి తాళం వేసేవాడని చెప్తాడు. ఆ నాన్న నేర్పినవన్నీ తప్పు అని అల్లుడు అంటే, నన్ను అంత ప్రేమించిన మనిషి తప్పు ఎలా చెప్తాడు అంటాడు. ఆ సీన్‌లో ఆర్చీ మాటలు ఒక్కటీ ఒప్పు కాలేదు, కానీ అవి ఎక్కణ్ణుంచి వచ్చాయో మనకి తెలిసిపోయింది.

మీ తాతయ్యకీ అలాంటి రాత్రి ఒకటి రాయండి. ఆయనకి ఎదురుచెప్పే మనవరాల్ని కూడా పెట్టండి, కాకపోతే మంచి డైలాగులన్నీ తాతయ్యకే ఇచ్చేయకండి, మనం రాసేటప్పుడు తెలియకుండానే అలా జరిగిపోతుంది.