మొదటి ఉద్యోగానికి బట్టలా? ముందు ప్యాంట్లు కొనండి

డిగ్రీ పూర్తయింది, వచ్చే నెలలో హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగం, ఉండేది హాస్టల్లో, చేతిలో పదివేల రూపాయలు ఉన్నాయి, కాలేజీకి వేసుకున్న లెగ్గింగ్సు, పొట్టి టాపులు తప్ప ఇంకేమీ లేవు, ఏం కొనాలి, అమ్మ చీరలు తెచ్చుకోవాలా అని అడిగారు. 2019లో నేనూ ఇదే పరిస్థితిలో ఏలూరు నుంచి వచ్చి ఒక అకౌంట్స్ ఆఫీసులో చేరాను. అప్పట్లో నాకు చెప్పేవాళ్లు లేక డబ్బు పోగొట్టుకున్నాను. మీకు ఆ అవస్థ రాకూడదని కాస్త వివరంగానే రాస్తున్నాను.

నేను చేసిన పెద్ద పొరపాటు సెట్లు కొనడం. మొదటి జీతం చేతికి వచ్చేసరికి ఆషాఢం, ఎక్కడ చూసినా తగ్గింపు ధరలు. ఒకేసారి ఐదు సెట్లు తీసుకున్నాను. కుర్తీ, దానికే సరిపోయే ప్యాంటు, దానికే సరిపోయే చున్నీ. రెండో వారంలో గోధుమరంగు కుర్తీ మీద సాంబారు పడింది. ఆ మరక ఎంత ఉతికినా పోలేదు. దానితోపాటు చిలకపచ్చ ప్యాంటు, చున్నీ కూడా మూలన పడ్డాయి, ఆ పచ్చ ఇంక దేనికీ కుదరదు కనుక. మరో సెట్టులో ప్యాంటు మొదటి ఉతుకుకే చీలమండ దాటి పైకి పోయింది. దసరా నాటికి ఐదింటిలో రెండే మిగిలాయి. డబ్బు సంగతి అలా ఉంచితే, పొద్దున్నే అలమర తెరిచి, అందులో ఇన్ని బట్టలుండి కూడా వేసుకోవడానికి ఏదీ లేదని నిలబడిపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టేది.

అందుకే కింద వేసుకునేవాటితో మొదలుపెట్టండి. నలుపు, ముదురు నీలం, బిస్కెట్ రంగు, ఈ మూడింటిలో మూడు ప్యాంట్లు. తిన్నగా చీలమండ దాకా వచ్చేవి, ముందు పట్టీ, వెనక ఎలాస్టిక్ ఉన్నవి చూసుకోండి. పగలంతా కుర్చీలో కూర్చునేవాళ్లకు ఆ వెనక ఎలాస్టిక్ విలువ సాయంత్రానికి తెలుస్తుంది. ఇక కుర్తీ కొనేటప్పుడు ఒకటే ప్రశ్న వేసుకోండి: ఈ మూడు ప్యాంట్లలో కనీసం రెండింటి మీదికి ఇది వెళుతుందా? వెళ్లకపోతే ఎంత నచ్చినా అక్కడే పెట్టేయండి. ఈ లెక్కన ఐదు కుర్తీలున్నా పన్నెండు, పదమూడు రకాలుగా కలిపి వేసుకోవచ్చు. లెగ్గింగ్సు పారేయనక్కర్లేదు గానీ ఆఫీసుకు వాటిని నమ్ముకోకండి. వాటి మీద కుర్తీ మోకాలి కిందికి ఉండాలి, పక్క చీలికలు పొట్టిగా ఉండాలి, ఫ్యాను గాలికి ఎగరకూడదు. ప్యాంటుకు ఈ బెడద లేదు. మీ దగ్గరున్న పొట్టి టాపుల్లో కాలర్ ఉన్నవి, సాదావి ప్యాంటు మీద చక్కగా పనికొస్తాయి. అంటే మీరు అనుకున్నంత లోటులో ఏమీ లేరు.

గుడ్డ ఎంచుకునేటప్పుడు హాస్టల్‌ను గుర్తుపెట్టుకోండి. మా హాస్టల్లో గదికి నలుగురం, మనిషికి సగం అలమర, మూడు అంతస్తులకూ కలిపి ఒక వాషింగ్ మెషిన్, మేడ మీద నాలుగు తీగలు. జులై, ఆగస్టుల్లో దళసరి కాటన్ రెండు రోజులైనా ఆరేది కాదు. పైకి ఆరినట్టే ఉన్నా చంకల దగ్గర, కుట్ల దగ్గర తడి వాసన వేసేది. అందుకని వానాకాలానికి పల్చటి కాటన్ కనీసం రెండు ఉండాలి. రేయాన్ చేతికి మెత్తగా తగులుతుంది, ధరా తక్కువే, కానీ తడిస్తే బలం తగ్గే గుడ్డ అది. మెషిన్లో పిండితే కొంత కురచవుతుంది, కొంత వంకర పోతుంది. చేత్తో ఉతికే ఓపిక ఉంటేనే తీసుకోండి. పాలియెస్టర్‌కు ఇస్త్రీ అక్కర్లేదు, నిజమే. కానీ మే నెలలో బస్సులో నిలబడి అరగంట ప్రయాణం చేసినవాళ్లెవరూ దాన్ని మెచ్చుకోరు.

నా మొగ్గంతా మంగళగిరి కాటన్ వైపే. గుడ్డంతా సాదాగా ఉండి, చివర జరీతో నేసిన నిజాం అంచు మాత్రం సన్నగా మెరుస్తుంది. ఆఫీసుకు అంత హుందాగా ఉండే నేత నాకు ఇంకోటి కనిపించలేదు. ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. పోచంపల్లి ఇక్కత్ కూడా ఒకటి ఉంటే బాగుంటుంది, కాకపోతే కొనేటప్పుడు గుడ్డను తిరగేసి చూడండి. ఇక్కత్‌లో నూలుకు ముందే ముడులు కట్టి రంగులద్ది ఆ తరువాత నేస్తారు కాబట్టి డిజైను రెండువైపులా ఒకేలా కనిపిస్తుంది. వెనకవైపు వెలిసినట్టుంటే అది మామూలు గుడ్డ మీద వేసిన అచ్చు. అచ్చు గుడ్డ కొనడం తప్పు కాదు, దానికి చేనేత ధర ఇవ్వడం తప్పు. చేనేత సహకార దుకాణాల్లో, సికింద్రాబాద్ జనరల్ బజార్లో, కోఠి సుల్తాన్ బజార్లో తిరిగితే ధరలు మీకే తెలుస్తాయి.

మా అమ్మ గుడ్డలు కొనడానికి వెళితే తెల్ల చేతిరుమాలు వెంట తీసుకెళుతుంది. రుమాలు మూలను తడిపి, గుడ్డ అంచున లోపలివైపు నాలుగైదుసార్లు గట్టిగా రుద్ది చూస్తుంది. ఒకసారి ముదురు నీలం గుడ్డకు అలా రుద్దితే రుమాలు మీద బొటనవేలంత నీలి మచ్చ పడింది. "మొదటి ఉతుకుకే పోతుందండీ, తరువాత పోదు" అన్నాడు దుకాణదారు. నాకు ఆ రంగు నచ్చి తీసుకున్నాను. ఆరో ఉతుకుకు కూడా బకెట్లో నీళ్లు నీలంగానే ఉన్నాయి. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని అందరూ చెబుతారు. నేను నానబెట్టాను, పోయే రంగు పోతూనే ఉంది. కాబట్టి రుమాలు చెప్పిన మాటే వినండి. కాటన్ గుడ్డను మాత్రం టైలర్‌కు ఇచ్చే ముందు ఒక రాత్రి మామూలు నీళ్లలో నానబెట్టి, నీడన ఆరేయండి. కుదించుకుపోయేదేదో కుట్టకముందే కుదించుకుపోతుంది.

రెడీమేడా, కుట్టించుకోవడమా అంటే, రెండూ కావాలి. కుట్టించుకున్నవి ఎందుకు ఎక్కువ కాలం మన్నుతాయో మా టైలరమ్మే నాకు చూపించింది. బిగుతైన రెడీమేడ్ కుర్తీ ఒకటి వదులు చేయమని తీసుకెళ్లాను. ఆవిడ దాన్ని తిరగేసి, పక్క కుట్టును రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూపించింది. కుట్టుకూ, అంచు పోగులు ఊడకుండా వేసే ఓవర్‌లాక్ దారానికీ మధ్య పావు అంగుళం కూడా లేదు. "దీన్ని ఏం వదులు చేయనమ్మా, గుడ్డేదీ?" అంది. తరువాత తను కుట్టిన జాకెట్టు ఒకటి తీసి చూపించింది. రెండు పక్కలా అంగుళం పైనే గుడ్డ వదిలి, అందులో వరుసగా మూడు కుట్లు వేసి ఉంది. కాస్త ఒళ్లు చేస్తే ఒక కుట్టు విప్పుకుంటే చాలు. కొత్తగా కూర్చుని చేసే ఉద్యోగంలో చేరినవాళ్లలో చాలామంది మొదటి ఏడాదిలో ఒళ్లు చేస్తారు, నేనూ చేశాను. కాబట్టి లోపల గుడ్డ వదలమని అడిగి మరీ చెప్పండి. జేబు కూడా అడగండి. మీ ఫోను టైలర్ చేతికిచ్చి దాని పొడవుకు సరిపడా పెట్టించుకోండి. జేబుకు ఆవిడ నా దగ్గర యాభై రూపాయలు ఎక్కువ తీసుకుంది, ఇన్నేళ్లలో అంత బాగా ఖర్చుపెట్టిన యాభై ఇంకోటి లేదు. రెడీమేడ్ కొంటే మాత్రం ట్రయల్ గదిలో నిలబడి చూసుకుని వచ్చేయకండి. మెట్రోలో పైన పట్టుకున్నట్టు చేయి ఎత్తండి, కూర్చోండి, కింద పడిన పెన్ను తీస్తున్నట్టు వంగండి. అద్దం చెప్పనివి ఈ మూడూ చెబుతాయి.

ఆఫీసులో ఏసీ చలి గురించి కూడా ఇప్పుడే తెలుసుకోండి. బయట 40 డిగ్రీల ఎండ, లోపల వేళ్లు కొంకర్లు పోయే చలి. నాకే ఏదో నీరసమని చాలాకాలం అనుకున్నాను. 2015లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు ప్రచురించిన ఒక అధ్యయనం గురించి చదివాక మనసు తేలికపడింది. ఆఫీసు భవనాల చల్లదనం ప్రమాణాలు 1960లలో 70 కిలోల, 40 ఏళ్ల సగటు మగవాడి శరీరాన్ని బట్టి పెట్టినవట. ఆ లెక్క ఆడవాళ్ల శరీరంలో పుట్టే వేడిని 35 శాతం దాకా ఎక్కువ చేసి చూపుతుందట. మీకు చలి వేస్తే మీలో లోపమేమీ లేదు. బూడిదరంగు పల్చటి స్వెట్టరొకటి కొని సొరుగులో ఉంచేయండి. ఆ సొరుగులోనే నల్ల ప్యాంటు ఒకటి, ప్యాడ్లు, నాలుగు పిన్నీసులు, సూదీ దారం కూడా ఉంచుకోండి. నెలసరి చెప్పిన రోజుకే రావాలని లేదు కదా.

చున్నీల విషయం కాస్త గట్టిగా చెబుతాను, ఏమీ అనుకోవద్దు. చేరిన కొత్తలో మెట్రో స్టేషన్ నుంచి ఆఫీసుకు బైకు మీద వెళుతుంటే నా చున్నీ కొస వెనక చక్రంలో పడింది. మెడ దగ్గర ఒక్క లాగు లాగింది. ట్రాఫిక్‌లో బండి నెమ్మదిగా ఉంది కనుక నా కేక విని బండి నడుపుతున్నాయన ఆపేశారు, చున్నీ చిరిగి నేను బయటపడ్డాను. మెడ మీద ఎర్రటి చార వారం రోజులు ఉంది. అప్పటి నుంచి బండి ఎక్కే ముందు చున్నీ తీసి సంచిలో పెట్టేస్తాను. మీరు వేసుకోవాలనుకుంటే తప్పకుండా వేసుకోండి, ఎస్కలేటర్ మీదా బండి మీదా మాత్రం వేలాడనివ్వకండి. వద్దనుకుంటే దళసరి గుడ్డతో, లైనింగ్ వేయించి, మెడ పైకి కుట్టించుకున్న కుర్తీలు చున్నీ లేకుండానే నిండుగా ఉంటాయి.

డబ్బు లెక్కకు వస్తే, నేనైతే ఇలా పంచుతాను. ప్యాంట్లు మూడింటికి రూ.1,800, రెడీమేడ్ కుర్తీలు రెండింటికి రూ.1,400, కుట్టించుకునే మూడింటికి గుడ్డ, కూలి కలిపి రూ.3,200, చెప్పులకు రూ.1,500. చెప్పులు సాయంత్రం పూట కొనండి, పగలంతా తిరిగాక పాదాలు కొంచెం వాస్తాయి, ఆ కొలతే నిజం. మిగిలిన రూ.2,100ను నెల దాకా ముట్టుకోకండి. అందరూ ఎలా వస్తున్నారో, చొక్కా ప్యాంటే వేసుకోవాలన్న నియమం ఏదైనా ఉందో ఆ నెలలో తెలుస్తుంది. చేరకముందే ఆఫీసువాళ్లను అడిగినా తప్పు లేదు. అయితే లోదుస్తుల దగ్గర పొదుపు చేయకండి. లేతరంగు కుర్తీల కిందికి చర్మంలో కలిసిపోయే రంగు స్లిప్పు రెండు ఉండాలి. ఇక వేసుకున్నవే మళ్లీ వేస్తున్నారని ఎవరైనా అంటే అననివ్వండి. ఉతికి ఇస్త్రీ చేసిన గుడ్డ ఎన్నోసారి వేసుకున్నా శుభ్రంగానే ఉంటుంది.

అమ్మగారి చీరలు రెండు చాలు. ఆఫీసులో పండుగ జరిపే రోజుకు, పెద్ద సమావేశానికి పనికొస్తాయి. పట్టు తేవద్దు, హాస్టల్లో దాన్ని కాపాడలేరు. నల్ల జాకెట్టు ఒకటి మీ కొలతలకు కుట్టించుకుంటే రెండు చీరల మీదికీ సరిపోతుంది. పొద్దున హడావుడి లేకుండా ముందు రోజు రాత్రే కుచ్చిళ్లు పెట్టి, పిన్నీసు గుచ్చి, హ్యాంగర్‌కు తగిలించుకోండి. అమ్మగారి పెట్టెలో పాత మంగళగిరి చీర ఉంటే అదే అడిగి తెచ్చుకోండి. పదేళ్లు ఉతికిన ఆ మెత్తదనం ఏ దుకాణంలోనూ దొరకదు.