రొట్టె పట్టింది ఇద్దరూ, మాట పడేది మీరొక్కరే

ప్రశ్న: మాది కందుకూరు దగ్గర పల్లె. దూదేకులవాళ్లం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. నెల్లూరు కోటమిట్టలో ఉర్దూ మాట్లాడే ఇంటికి కోడలిగా వచ్చి ఆరేళ్లయింది. చాలాకాలం పిల్లలు లేకపోతే మా అమ్మ నన్నూ మా ఆయన్నూ బారా షహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండగకు తీసుకెళ్లి, పిల్లల కోసం మొక్కించి సంతానం రొట్టె పట్టించింది. బాబు పుట్టాడు, ఇప్పుడు ఏడాదిన్నర. పోయినేడు పసివాడని ఆగాం. మొక్కు తీరింది కాబట్టి ఈ మొహర్రంకి రొట్టె వదలాలి, అంటే అడిగినవాళ్లకు ఇవ్వాలి. అత్తగారు అది షిర్క్ (అల్లాహ్‌కు సాటి కల్పించే పాపం) అంటున్నారు, వెళ్తే మళ్లీ ఈ గడప తొక్కొద్దన్నారు. మా ఆయన కూడా అప్పుడు వచ్చాడని ఆమెకు తెలియదు. ఆయన చెప్పడు. 'అమ్మను బాధపెట్టకు, సర్దుకో' అంటాడు. ఆడపడుచు మూడు తలాక్‌ల మాట కూడా ఎత్తింది. మాటకు ముందు 'దూదేకులోళ్లు' అంటారు. మా అమ్మ వస్తే బాబు 'మ్మమ్మ' అంటాడు. అత్తగారు వంటింట్లోంచే 'నానీ బోలో బేటా' అని, ఉర్దూలో అమ్మమ్మను పిలిచే మాటతో దిద్దుతారు. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, మీరు రాసిన నాలుగు పేజీల్లో మూడున్నర పేజీలు రొట్టె గురించే. 'నానీ బోలో' సంగతి చిట్టచివర, అడుగున ఇరికించారు. అక్కడికొచ్చేసరికి అక్షరాలు కూడా చిన్నవైపోయాయి. నేను రెండోసారి చదివింది ఆ నాలుగు వరసలే.

ముందు ఆడపడుచు మాట తేల్చేద్దాం. ఒక్క ఊపులో మూడుసార్లు తలాక్ అంటే చెల్లదని 2019లో చట్టమే వచ్చింది. అన్నవాడికి మూడేళ్ల దాకా జైలు. మీ ఆయన ఆ మాట ఎప్పుడూ అనలేదని మీరే రాశారు. ఆమె మాటకు నిద్ర చెడగొట్టుకోకండి.

ఇక రొట్టె. నేను ముఫ్తీని కాను, ఫత్వా ఇవ్వలేను. అయితే మీ అత్తగారి మాటను కోడలి మీద కక్ష కింద మాత్రం కట్టకండి. అడగడం అల్లాహ్‌నే అడగాలి, మధ్యలో ఇంకెవరూ ఉండకూడదన్నది ఆమె నమ్మకానికి పునాది. మనవడు సమాధి దగ్గర అడిగితే పుట్టాడంటే ఆమెకు నిజంగానే గుండె దడ. మీ అమ్మగారికేమో బారా షహీద్ దర్గా అంటే అల్లాహ్ దారిలో ప్రాణమిచ్చిన పన్నెండు మంది చోటు. అడిగేది అల్లాహ్‌నే, వాళ్ల దగ్గర నిలబడి అడుగుతున్నాననుకుంటారు. సమాధుల దగ్గరికి వెళ్లి రావడానికి ప్రవక్త అనుమతి ఇచ్చారని హదీసులోనే ఉంది. అక్కడ ఏం అడగొచ్చు, ఎవరిని అడగొచ్చు అన్న దగ్గరే ఉలమా, అంటే మత పండితులు, చీలిపోయారు. తరాలుగా తెగని ఆ వాదన మీ వంటింట్లో, కుక్కరు మూడో కూతకల్లా తెగదు.

కాబట్టి దాన్ని తెంచే పని మీరు పెట్టుకోవద్దు. మొక్కించింది మీ అమ్మగారు. రొట్టె ఆవిడే వదలొచ్చు. స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో, తలమీద కొంగు కప్పుకుని నిలబడి, 'సంతానం రొట్టె ఎవరికి' అని అడిగితే చాలు, చేతులు చాస్తూ నలుగురు వస్తారు. వాళ్లలో బొట్టు పెట్టుకున్న పిల్లలూ ఉంటారని మీకూ తెలుసు. ఆ నీళ్లలో ఎవరూ ఎవరి కులం అడగరు. (అడగాల్సిన అవసరం కోటమిట్టలోనే వస్తుందేమో.) మీరు వెళ్లాలా వద్దా అన్నది మీ ఈమాన్ (విశ్వాసం) సంగతి. అమ్మ కోసం వెళ్లాలనిపిస్తోందా, మీకే నమ్మకమా అన్నది ఒక్కసారి మీలో మీరు అడుక్కోండి. ఏదైనా సరే, 'పుట్టింటికి వెళ్లొస్తా' అని చెప్పి చెరువు దగ్గర తేలే పని మాత్రం చేయకండి. లోకల్ చానళ్లు పొద్దస్తమానం అదే చూపిస్తాయి. నెల్లూరు ఎంత ఊరని! ఎవరో ఒకరు ఫోను పట్టుకుని మీ అత్తగారి ముందుకొస్తారు.

ఇప్పుడు మీ ఆయన దగ్గరికి వద్దాం, అసలు ముడి అక్కడుంది. ఆ రోజు ప్యాంటు పైకి మడిచి మీ పక్కన నీళ్లలో నిలబడ్డాడని, రొట్టె ముక్క ముందు ఆయనే తిన్నాడని రాశారు. ఈ రోజు అత్తగారి లెక్కలో మాత్రం ఆ నీళ్లలో ఉన్నది పల్లెటూరి వియ్యపురాలు, ఆమె కూతురు. తల్లి ముందు మంచి కొడుకుగా ఉండడానికి ఆయన మీ అమ్మను ఖర్చు పెడుతున్నాడు. కోపంలో ఆ గుట్టు మీరు విప్పారనుకోండి, 'నా కొడుకును చెడగొట్టింది ఇదే' అంటారు. చెప్పాల్సింది ఆయనే.

అడిగే చోటు కూడా చూసుకోవాలి. రాత్రి పదకొండింటికి కొట్టు కట్టేసి వచ్చిన మనిషిని అన్నం ముందు అడిగితే 'సర్దుకో' తప్ప ఇంకేం వస్తుంది? ఒక ఆదివారం మైపాడు తీసుకెళ్లమనండి. బాబు ఇసకలో ఆడుకుంటుంటే నెమ్మదిగా ఇంతే అనండి: 'మీ అమ్మతో గొడవ పడమనడం లేదు. ఆ రోజు నేనూ ఉన్నానని ఒక్క మాట చెప్పండి. తప్పయితే ఇద్దరిదీ, మొక్కయితే ఇద్దరిదీ.' వెంటనే ఒప్పుకోడు. వారం ఆగి మళ్లీ అడగండి. మొహర్రం ఇంకా రెండు నెలలుందిగా.

దూదేకుల మాటకు వద్దాం. షిర్క్ మాట నమ్మకంలోంచి వచ్చింది, దాన్ని గౌరవించమన్నాను. ఈ మాట అక్కడినుంచి రాలేదు, దీనికి సర్దుకోమని నేను చెప్పను. అరబ్బుకు అరబ్బు కానివాడి మీద, కానివాడికి అరబ్బు మీద తఖ్వాతో (దైవభీతితో) తప్ప ఏ గొప్పా లేదని ప్రవక్త ఆఖరి హజ్ ఉపన్యాసంలో చెప్పారు. మీ అత్తగారు ఇది మీకంటే ఎక్కువసార్లు విని ఉంటారు. ఆమె తలాడించే మాటతోనే మాట్లాడండి. దూది ఏకిన చేతులు తక్కువైతే, ఆ ఇంట్లో పాత బూరుగుదూది పరుపులు ఏ చేతులు ఏకి కుట్టాయో నాకు అడగాలనుంది. మీరు మాత్రం అడగొద్దు.

భాష విషయానికొస్తే, ఖురాన్ దిగింది అరబ్బీలో. దాని ముందు ఉర్దూ అయినా తెలుగైనా పక్కింటి భాషే. చిలుకూరి నారాయణరావు గారు ఖురాన్‌ను తెలుగు చేసి దాదాపు నూరేళ్లవుతోంది. మీ బాబు మీ అత్తగారిని దాదీ (నానమ్మ) అంటాడు, మీ అమ్మను అమ్మమ్మ అంటాడు. పిల్లలకు ఇదేం బరువు కాదు, మనకే బరువు. ఈసారి వంటింట్లోంచి 'నానీ బోలో' అని వినిపిస్తే, నవ్వుతూనే, వినపడేలా, 'ఈమె అమ్మమ్మ అత్తమ్మా, మీరు దాదీ' అనండి. చెయ్యి వణికితే బాబును ఎత్తుకుని అనండి. మొదటిసారి ఇల్లు కాసేపు మూగబోతుంది, పోనివ్వండి.

ఇదంతా తేలేదాకా మీ అమ్మగారిని రావద్దని మాత్రం చెప్పకండి. మీరు అలా చెప్పాలనుకుంటున్నట్టు ఉత్తరంలో రెండు చోట్ల తోచింది. రమ్మనండి. వచ్చే రోజు ఆటో ఎక్కనివ్వకుండా, ఆర్టీసీ బస్టాండు నుంచి ఇంటి గడప దాకా మీ ఆయన్నే బండి మీద తీసుకురమ్మనండి.