మిగిలిన బాండ్ కోటా వచ్చే ఏడాదికి దాచుకోవాలంటే అమెరికాలో ఏ ఫారం వేయాలి?

ప్రశ్న ప్రైవేట్ యాక్టివిటీ బాండ్ల గురించి (అంటే ప్రైవేట్ సంస్థలకు ఉపయోగపడే ప్రాజెక్టుల కోసం రాష్ట్ర, స్థానిక ప్రభుత్వ సంస్థలు జారీ చేసే రుణపత్రాలు) కాబట్టి, జవాబు ఫారం 8328. పన్ను మినహాయింపుతో ఈ బాండ్లు ఎంతవరకు జారీ చేయవచ్చో ప్రతి రాష్ట్రానికీ ఏటా ఒక పరిమితి ఉంటుంది. 2025కి అది తలకు 130 డాలర్లు లేదా మొత్తం 38.878 కోట్ల డాలర్లు, ఏది ఎక్కువైతే అది. వాడని కోటా మామూలుగా డిసెంబర్ 31తో మురిగిపోతుంది.

దాన్ని నిలుపుకోవాలంటే జారీ సంస్థ ఈ ఫారం అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కు పంపాలి. గడువు మరుసటి ఏడాది ఫిబ్రవరి 15. ఆ కోటాతో బాండ్లు అంతకంటే ముందే జారీ చేస్తుంటే, జారీ తేదీయే గడువు. ఇక్కడ పొరపాటు పడకండి.

ఉదాహరణకు, ఒక హౌసింగ్ అథారిటీకి 2025లో 2 కోట్ల డాలర్లు మిగిలాయనుకోండి. ఫారంలో అద్దె ఇళ్ల గడిలో ఆ మొత్తం రాస్తే 2028 చివరిదాకా వాడుకోవచ్చు. కానీ ఒకసారి రాశాక మనసు మార్చుకుని నీటి సరఫరాకు మళ్లిస్తామంటే కుదరదు. అందుకే ఏ గడిలో ఎంత రాయాలన్నది ముందే బాండ్ లాయర్‌తో తేల్చుకోవడం మంచిది. చిన్న ఫ్యాక్టరీల కోసం ఇచ్చే స్మాల్ ఇష్యూ బాండ్లకు అసలు ఈ వెసులుబాటే లేదు.

అన్నట్టు, బాండ్లు జారీ అయ్యాక వాటి వివరాలు తెలిపే ఫారం 8038 వేరేగా వేయాలి. 8328 వేశాం కదా అని దాన్ని వదిలేయకండి.